పద్నాలుగు అంగలు

మొన్న మా మనవరాలు అండమాన్ పోయొచ్చి, సముద్రం అడుగున తీసిన ఫొటోలు ఫోన్లో చూపించింది. పసుపు చేపలు, నీలం చేపలు, వాటి మధ్య బొటనవేలు పైకెత్తి మా పిల్ల. "తాతా, నీళ్ల లోపల తీసిన ఫొటో నువ్వెప్పుడన్నా చూశావా?" అంది. ఆత్మకూరులో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది! చూడడమేంటి, కడిగాను కూడా. వాటిల్లో ఒకదాన్ని చొక్కా జేబులో దాచుకుని ఉదయగిరి బస్సెక్కాను. అదంతా మొదలుపెడితే పిల్ల వదలదని, "చూశాలే" అని ఊరుకున్నాను.

పెన్న ఒడ్డున ఉండే మా ఊరు సోమశిల డ్యాము నీళ్లలో మునిగిపోయింది. మునగబోయే ముందు జనం తలుపులు, దూలాలు ఊడదీసి బండ్లకెత్తుకున్నారు. మా క్రైస్తవుల వీధివాళ్లు వాటితో పాటు సమాధులు తవ్వి పెద్దవాళ్ల ఎముకలు కూడా తెచ్చుకున్నారు. ఉదయగిరి బడిలో అయ్యవారుగా పనిచేస్తున్న మా నాయన, అక్కడి కొయ్య పనివాళ్ల చేత చిన్న పెట్టె చేయించుకుని, ఒక్కరోజు సెలవు పెట్టి వాళ్లమ్మ కోసం పోయాడు. మా అవ్వ నాయనకు పదేళ్లప్పుడే చనిపోయింది. పేరు చెక్కిన రాయి ఒకటి ఉండేది గాని, ఏదో వరదకు ఇసక మేటేసి కనబడకుండా పోయింది. అయినా నాయనకు దిగుల్లేదు. అమ్మను పూడ్చిన రోజే మా ప్రార్థన గుడి గోడ నుంచి సమాధి దాకా అంగలేసి లెక్కపెట్టుకున్నాడట. "పద్నాలుగు. నిద్దర లేపి అడిగినా చెప్తాను" అనేవాడు. సరిగ్గా పద్నాలుగు అంగలేసి తవ్వించాడు. రాయి దొరకలేదు, ఎముకలు దొరికాయి. తిరుగు బస్సులో కండక్టరు పెట్టెలో ఏముందని అడిగితే "మా అమ్మ" అన్నాడట. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టకపోగా, ఉదయగిరి వచ్చేదాకా ఆ సీటు దరిదాపులకు రాలేదట. కొండ కింద శ్మశానంలో ఆమెను మళ్లీ పూడ్చి, అవ్వ పేరుతో కొత్త రాయి నిలబెట్టి, పక్కనే తనకు చోటు అట్టిపెట్టుకున్నాడు నాయన. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే ఇంటికి రాకుండా అక్కడికే పోయేవాడు.

మా అమ్మ తమ్ముడు డ్యాము దగ్గర నీళ్లలోకి దిగే పని చేసేవాడు. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, అద్దం బిగించిన పెట్టెలో కెమెరా పెట్టుకుని దిగి, గేట్ల అడుగున కాంక్రీటు ఎట్లా ఉందో ఫొటోలు తీసేవాడు. ఆ ఫిల్ములు నేనే కడిగేవాణ్ణి. అన్నీ బూడిదరంగు గోడలే. ఇంజనీర్లు మాత్రం వాటిని సొంత పిల్లల ఫొటోల్లాగా తిప్పి తిప్పి చూసేవాళ్లు. ఎనభైల్లో ఒక ఎండాకాలం నాయన గుండెజబ్బుతో మంచం పట్టాడు. ఇంకెన్నాళ్లో ఉండడని డాక్టరు నాతో చెప్పాడు. పోయేలోగా ఆయనకు ఊరి గుడిని ఫొటోల్లోనన్నా ఒకసారి చూపించాలన్న బుద్ధి నాకే పుట్టింది. మామ మొదట తిట్టాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

చేపలు పట్టే ఆయన పడవ మాట్లాడుకుని పొద్దున్నే పోయాం. "అరగంటకే గాలి. ఇరవై అయిదో నిమిషానికి తల పైకి రాకపోతే, ఇంక నన్ను మర్చిపోండి" అని నవ్వుతూ దిగాడు మామ. నేను వాచీ చూస్తూ కూర్చున్నాను. బుడగలు కాసేపు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత ఒకేచోట నిలిచిపోయాయి. ఇరవై నిమిషాలైంది. ఇరవై అయిదైంది. పడవాయన తెడ్డు వదిలేసి, "ఏందయ్యా, మనిషి కదల్లేదే" అన్నాడు. నాకు ఈతొచ్చినా ఆ లోతుకు దిగలేను. మంచంలో ఉన్న నాయన కోసం మామను చంపుకున్నానా అని ఏడుపొచ్చేసింది. ముప్పయ్యో నిమిషానికి బుడగలు సన్నబడ్డాయి. అప్పుడు తేలాడు మామ, సిలిండరు చుట్టూ తెగిన వలతో, బుగ్గ మీద నెత్తురుతో. ఎవరో వదిలేసిన పాత వలలో చిక్కుకుని కత్తితో కోసుకొచ్చాడు. పడవలో వెల్లకిలా పడుకుని ఊపిరి అందాక, "గుడి గోడకు తాడు కట్టుకుని తిరిగినాను. అయిదు ఫొటోలు కొట్టినాను. ఆఖరుది ఏందో రాయి, సిలువ ఉండాదని కొట్టినా" అన్నాడు.

ఆ రోజే డార్క్ రూములో కూర్చున్నాను. నాలుగు ఫొటోల్లో గోడ, వాకిలి, పాచి పట్టిన మెట్లు. అయిదోది మందునీళ్లలో మెల్లగా తేలుతుంటే ముందు సిలువ కనిపించింది, దాని కింద అక్షరాలు. మా అవ్వ పేరు! ఏటా నీళ్లు తగ్గినప్పుడల్లా అలల తాకిడికి ఇసకంతా కొట్టుకుపోయి, రాయి బయటపడింది. బయటకొచ్చి, గోడకు ఎంత దూరంలో ఉందని మామను అడిగాను. "నా తాడే ఇరవై అయిదు అడుగులు. అదింకా మిగిలుండాది" అన్నాడు. నాయన వేసిన పద్నాలుగు అంగలు ముప్పై అయిదు అడుగులకు తక్కువుండవు. ఆ లెక్క పెట్టుకున్నది పదేళ్ల పిల్లవాడి కాళ్లు, తవ్వించింది నలభై దాటిన మనిషి కాళ్లు. ఆ కథ ఇంట్లో వందసార్లు విన్నాం, ఒక్కరికీ తట్టలేదు. మామకు ఆ లెక్క చెప్పాను. "చింపెయ్‌రా. బావ తట్టుకోలేడు" అన్నాడు.

నేను చింపలేదు, చూపించే ధైర్యమూ లేదు. నాలుగు ఫొటోలు కవర్లో, అయిదోది జేబులో పెట్టుకుని రెండ్రోజుల తర్వాత ఉదయగిరి పోయాను. నాయన దిండుకు ఆనుకుని భూతద్దంతో ఒక్కొక్కటీ చూశాడు. వాకిలి చూసి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, "ఇంకోటేది? అయిదు తీసినానని మీ మామ జాబు రాసినాడే" అన్నాడు. ఫిల్ము కడగకముందే జాబు పడేసిన ఆ మహానుభావుణ్ణి మనసులో తిట్టుకున్నాను. చెడిపోయిందని చెప్పొచ్చు. కానీ ఆయన చూపు నా జేబు మీదే ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ చూపు ముందు నాకు అబద్ధం రాదు.

జేబులోంచి తీసిచ్చిన ఫొటోను నాయన చూశాడు. రాయి ఎంత దూరంలో ఉందని అడిగాడు. చెప్పాను. భూతద్దం పక్కన పెట్టి, కాళ్లు మంచం కిందికి దించి వాటినే చూసుకున్నాడు. ఊపిరి ఈల వేయడం మొదలైంది. మాత్ర నోట్లో పెట్టబోతే నా చెయ్యి పక్కకు నెట్టాడు.

"మరి మనం తెచ్చింది ఎవర్నిరా?"

ఈసారి మా అవ్వనే తెద్దామనీ, మామను ఇంకోసారి దిగమంటాననీ ఏదేదో వాగాను. నాయన తల అడ్డంగా ఊపాడు. "మా అమ్మ కాడికి ఇంక ఎవుర్నీ పంపబాక. వాడికీ పిల్లోళ్లుండారు" అని, కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఆ తల్లి ఎవురో పాపం. ఆదివారం ఆదివారం కొడుకొస్తా ఉండాడనుకునుంటాది. ఇప్పుడు ఆమెను నువ్వు కాదు పొమ్మంటామా? ఆ రాయి మీద ఉండే పేరు చెక్కి తీసేయించి, అమ్మ అని మాత్రం పెట్టించు. నన్ను ఆడనే పెట్టండి" అన్నాడు. అప్పుడు నోరు తెరిచి మాత్ర వేయించుకున్నాడు.

వానలు మొదలవకముందే పోయాడు నాయన. చెప్పినట్టే ఆమె పక్కన పెట్టాం. ఆ ఏడు పెన్నకు నీళ్లు బాగా వచ్చి అవ్వ రాయి మళ్లీ లోతుకు పోయింది. సొంత తల్లి దగ్గర నాయన ఉన్నది పదేళ్లే. ఎవరో తెలియని ఈ తల్లి పక్కకు చేరి నలభై ఏళ్లు కావస్తోంది.