లక్ష్మివారం ఏ వారం?

ఆ ఊళ్లో ఇప్పటికీ నా మాట వస్తే ఒకటే చెప్తారట: వారం పేరు మీద కొట్లాడి, మాట పడలేక, అలిగి మహిళా మండలి మానేసిందని. మొదటి సగం నిజం. కొట్లాడిన. రెండో సగం పచ్చి అబద్ధం. ఆ గొడవ తర్వాత కూడా తొమ్మిది శనివారాలు పోయి చాప చివర కూర్చున్న. నన్ను ఎవరూ వెళ్లగొట్టలేదు, ఎవరూ పలకరించలేదు. దాన్ని అలగడం అనరు.

అరవైల మొదట్లో మా ఆయన కొలువు మీద కోస్గికి వచ్చినం. ఆయన వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరిగేవాడు. నేను యాదగిరిగుట్ట దిక్కు మగ్గాల ఇంట్లో పుట్టి, హైదరాబాదు హాస్టల్లో ఉండి బీఏ చదివినదాన్ని. కిరాయి ఇంట్లో గోడలతో ఎంతసేపని వాదిస్తం? శనివారం నాలుగు గంటలకు మండలి సభ ఉంటదంటే, బుధవారం నుంచే ఏ చీర కట్టాలా అని ఆలోచించేదాన్ని.

సభ అధ్యక్షురాలి ఇంటి ముందరి గదిలో జరిగేది. ఆమె ఊరి షావుకారు భార్య. అక్షరం రాదు గానీ అందరికీ చాయ ఇప్పించి, అందరి మాటకూ తల ఊపేది. కార్యదర్శి ఇంజనీరు గారి భార్య, గోదావరి వైపు మనిషి, ముత్యాల్లాంటి రాత. తక్కినవాళ్లు చాలావరకు ఆ దిక్కు నుంచి వచ్చిన ఆఫీసర్ల భార్యలే. అధ్యక్షురాలు కాక మా దిక్కువాళ్లం ఇద్దరమే: నేను, మా గల్లీలోనే ఉండే పంతులమ్మ. ఆమె నాకంటే నాలుగేండ్లు చిన్నది. గుంటూరులో ట్రైనింగు అయి వచ్చింది, కొలువు ఇంకా పక్కా కాలేదు. ప్రతి శనివారం మా వాకిట్లో నిలబడి "నడువక్కా, పొద్దుపోతాంది" అనేది. ఆ ఊళ్లో నన్ను వరస కలిపి పిలిచింది ఆమె ఒక్కతే.

మండలిలో ఏం చేసేవాళ్లం? దవాఖానలో బాలింతలకు పాలపొడి పంచినం. స్వెట్టర్లు అల్లడం నేర్చుకున్నం. మంచి పనులే. నాకు చాలలేదు. ఊరి చివర గొర్ల కాపరుల ఇండ్లు ఉండేవి. ఎండకాలం మగవాళ్లు మందలు తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోతే, ఆడవాళ్లు ఇంటికాడ ఉన్ని వడుక్కుంటూ ఉండేవాళ్లు. అందులో ఒకామె ఒకనాడు నాతో ఉత్తరం చదివించుకొని, "నా మొగడు నాకు రాయించిన మాట నాకంటే ముందు నీకు తెల్వవట్టె" అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు గుచ్చుకున్నది.

అప్పుడు ప్రతిపాదన పెట్టిన. వారానికి రెండు మధ్యాహ్నాలు సభ గది ఇస్తే, ఆ ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతానని. మా ఇంట్లోనే నేర్పుదామంటే ఇల్లుగలామె వాళ్లను గడప తొక్కనియ్యనన్నది. ఇదంతా వాళ్ల కోసమని సభలో చెప్పిన. నా కోసం కూడా అని చెప్పలేదు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు నా ఎదురుగా కూర్చొని ప్రశ్నలు అడుగుతుంటే ఎట్లుంటదో రోజూ ఊహించుకునేదాన్ని.

కార్యదర్శికి ఇష్టం లేదు. చాపలు మాసిపోతాయన్నది, చాలా మర్యాదగా. వచ్చే సభలో చేతులెత్తి తేల్చుకుందామన్నారు. మండలిలో ఒక నియమం ఉన్నది: ప్రతిపాదించిన మనిషి ఆనాడు సభలో లేకపోతే ప్రతిపాదన రద్దు. ఊకే మాటలు విసిరి ఇంట్లో కూర్చునేవాళ్లకు బుద్ధి రావాలని ఆ నియమం పెట్టించింది నేనే.

ఆ వారం మండలి ఆయమ్మ సభ చీటీ తెచ్చింది. శనివారానికి బదులు ఈసారి లక్ష్మివారం నాలుగు గంటలకు అని ఉన్నది. పంతులమ్మ సంతకం అప్పటికే ఉన్నది. నేనూ చేసిన. లక్ష్మికి వారమంటే మాకు శుక్రవారం. మా అవ్వ శుక్రవారం గడపకు పసుపు రాసి, ఆనాడు పక్కింటికి చిటికెడు ఉప్పు కూడా పోనిచ్చేది కాదు, లక్ష్మి వెళ్లిపోతదని. ఇంక అనుమానం ఎక్కడిది?

అంతకు ముందునాడు, బేస్తవారం సాయంత్రం పంతులమ్మ మా వాకిలి ముందు నుంచి పోయింది. కిటికీలోంచి చూసిన. మంచి చీర కట్టింది, తల వంచుకొని నడుస్తున్నది. బజారుకేమో అనుకున్న. రేపు సభలో చెప్పబోయే మాటలు కాగితం మీద రాసుకుంటున్న.

మర్నాడు నాలుగు గంటలకు పోతే చాపలు చుట్టి గోడకు నిలబెట్టి ఉన్నయి. అధ్యక్షురాలు బియ్యం ఏరుకుంటూ తలెత్తింది.

"నిన్ననే అయిపాయె గద బిడ్డా. నువ్వెందుకు రాలేదు? నీ ముచ్చట కొట్టేసిన్రు."

"నిన్న బేస్తవారం గద అవ్వా."

"వాళ్లకు అదే లక్ష్మివారమట."

చాయ తాగి పొమ్మన్నది. తాగిన. రాసుకున్న కాగితం రైక లోపల చెమటకు తడిసింది.

పై శనివారం నేను ఊకోలేదు. మా దిక్కు లేని మాట చీటీ మీద రాసి, రాలేదని నా ప్రతిపాదన కొట్టేయడం ఏం న్యాయమని అడిగిన. కార్యదర్శి మెత్తగా అన్నది: "లక్ష్మివారమంటే గురువారమని చిన్నపిల్లలకైనా తెలుసు కదండీ. మీరు చదువుకున్నవారు."

"చదువుకున్నదాన్నే. గురువారమని రాస్తే చదివేదాన్ని."

గదంతా నవ్వింది. నా మాటకు కాదు, నన్ను చూసి. కార్యదర్శి కావాలని చేసిందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. వాళ్ల ఇంట్లో ఆ రోజుకు అదే పేరు. ఆ రోజుకు ఇంకో పేరు కూడా ఉండొచ్చని ఆమెకు ఎన్నడూ తట్టలేదు, అంతే. నేను పంతులమ్మ దిక్కు చూసిన. మన దిక్కు ఆ మాట లేదని ఆమె ఒక్క ముక్క అంటే చాలు. ఆమె అల్లిక సూదుల మీద నుంచి తల ఎత్తలేదు.

ఇంటికి పోతుంటే ఆయమ్మ నా వెంట వచ్చింది. సదువు రాని తనకే తెలిసింది, మీకెట్ల తెల్వదని జాలిపడ్డది. నీకెట్ల తెలుసని అడిగిన.

"పంతులమ్మ సదివి చెప్పె. బేస్తారం మీటింగున్నదని. మీకు సదువొచ్చు గద, నేనేం జెప్పాలె అనుకున్న."

ఆయమ్మకు అర్థం కాదని, గుంటూరులో ఉండి వచ్చిన పంతులమ్మ మాట మార్చి చెప్పింది. అంటే నాకూ అర్థం కాదని తెలుసు.

గొర్ల కాపరి ఆమె వచ్చి ఎప్పటి నుంచి రావాలని అడిగింది. గది ఇయ్యలేదని చెప్పిన. "గంతేనా" అని వెళ్లిపోయింది. తర్వాత ఉత్తరాలు కూడా నా దగ్గరికి తేలేదు. పంతులమ్మ వేరే గల్లీ నుంచి సభకు పోవడం మొదలుపెట్టింది. పదో శనివారం నేను చీర కట్టుకొని, తాళం చేత పట్టుకొని వాకిట్లో చాలాసేపు నిలబడ్డ. ఎవరి పిలుపు కోసం చూస్తున్ననో నాకే తెలిసి లోపలికి పోయిన. నేను మానేసింది ఆనాడు.

ఆ ఏడే పంతులమ్మ కొలువు పక్కా అయింది. ఇంజనీరు గారి మాట పనిచేసిందో, తన వంతు వచ్చి అయిందో నాకు తెలియదు, తెలియనిది అనను. ఎన్నో ఏండ్లకు యాదగిరిగుట్ట మెట్ల మీద ఎదురైంది. పిల్లలను చూపించి, నా చేతిలో ప్రసాదం పెట్టి, "బాగున్నవా అక్కా" అన్నది. ఊరందరితో వాదించిన నేను ప్రసాదం కండ్లకద్దుకొని బాగున్న అన్న.

ఆనాడు నన్ను ఎందుకు పిలవలేదో నేను ఊహించుకోగలను. నేను ఆ గదిలో ఉంటే ఆమె ఒకరి దిక్కు తేలాల్సి వచ్చేది. ఊహతో నా కడుపు నిండదు. నిజం చెప్పు చెల్లే, నేను ఆ బేస్తవారం వచ్చి నీ పక్కన కూర్చొని ఉంటే, నువ్వు చెయ్యి ఎత్తేదానివా?