ముద్దామాల్ అయిన రెండు సాంచాలు

మా బాపు, కాక కలిసి రెండు పాత మరమగ్గాలు కొన్నారు. మావాళ్లు వాటిని సాంచాలంటారు. కాక మాకు రక్తసంబంధం కాదు. బాపుతో ఒకే రైలులో సూరత్‌కు వచ్చి, పన్నెండేళ్లు ఒకే షెడ్డులో పనిచేసినవాడు. ఇద్దరూ కూలిలో మిగిల్చుకుని, కడోదరాలో ఒక షెడ్డు మూల అద్దెకు తీసుకుని సాంచాలు పెట్టారు. ఏడాది తిరగకముందే గొడవ వచ్చింది. కాక ఊరికి వెళ్లినప్పుడు, అద్దె తక్కువని బాపు వాటిని డిండోలిలో మా ఇంటి దగ్గరి షెడ్డుకు మార్చాడు. కాకకు ఒక్క మాట చెప్పలేదు. తిరిగొచ్చిన కాకకు ఖాళీ మూల కనిపించింది.

కాక నేరుగా మా ఇంటికి వచ్చి నాలుగు తిట్లు తిట్టి ఉంటే సరిపోయేది. ఎవరో పెద్దమనిషి సలహా విని వకీలు దగ్గరికి వెళ్లాడు. వకీలు ఫిర్యాదు రాశాడు. పోలీసులు వచ్చి సాంచాలు విప్పించి టెంపోలో ఠాణాకు తీసుకుపోయారు. టెంపో కిరాయి బాపే కట్టాడు. ఆ రోజు నుంచి వాటి పేరు ముద్దామాల్. అంటే కేసులో పట్టుకున్న సొత్తు. కేసు తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

సొంత సాంచాలు పోయాక ఇద్దరికీ మళ్లీ కూలి పనే గతి అయింది. ఇద్దరూ పాత షెడ్డు యజమాని సేఠ్ దగ్గరికే వెళ్లారు. బాపు కూడా ఒక వకీలును పెట్టుకోవాల్సి వచ్చింది. సేఠ్ పక్కపక్క సాంచాలు ఇచ్చాడు. కోర్టు తారీఖు, అంటే వాయిదా, వచ్చిన రోజు ఇద్దరి కూలీ పోయేది. ఏడాదిపాటు మాట్లాడుకోలేదు గానీ, షేర్ ఆటో ఒకటే కాబట్టి పక్కపక్కనే కూర్చుని వెళ్లేవారు.

కాగితాలన్నీ గుజరాతీలో వచ్చేవి. మా ఇంట్లో ఆ లిపి చదవగలిగేది నేనొక్కదాన్నే. కాకకు పిల్లలు లేరు. ఒక సాయంత్రం ఆయన చేతిలో కాగితాల సంచితో మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, జర ఇది చదివి పెడ్తవా? వకీలు ఏం రాసిండో నాకు సమజ్ అయితలేదు."

అది మా బాపు మీద ఆయన ఇచ్చిన ఫిర్యాదే. అమ్మ చాయ్ పెట్టింది. బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను చదివాను. నిందితుడు ముందే పన్నిన కుట్రతో, దొంగబుద్ధితో, ఫిర్యాదిని బెదిరించి సొత్తు కాజేశాడని ఉంది.

కాక ముఖం పాలిపోయింది. "నేను గిట్ల అన్ననా? అన్నా, ఒట్టు, నేను దొంగ అనలే. అడగకుంట తీస్కపోయిండని అన్న, గంతే."

బాపు చాయ్ గ్లాసు కాక ముందుకు జరిపాడు. తర్వాత నెమ్మదిగా, "అడగకుంట తీస్కపోయింది నిజమే గద తమ్మీ. తప్పు నాదే," అన్నాడు.

వాళ్ల గొడవ అక్కడ తీరిపోయింది. కేసు మాత్రం ఇంకో ఐదేళ్లు నడిచింది. కేసు వాపసు తీసుకుంటామని ఇద్దరూ కలిసి వెళ్తే, ఇది ఇప్పుడు మీ కేసు కాదు, సర్కారు కేసు అన్నాడు కాక వకీలు. ఫొటోలు తీసుకుని, పూచీకత్తు రాయించుకుని సాంచాలు ఇచ్చేయొచ్చట. అందుకు దరఖాస్తు పెట్టాం. ఆ దరఖాస్తుకు కూడా తారీఖులు పడ్డాయి. జడ్జి బదిలీ అయ్యాడు. కొత్త జడ్జి వచ్చేసరికి ఫైలు దొరకలేదు. అమ్మ మెడలోని గొలుసు మొదట తాకట్టుకు, తర్వాత వడ్డీకి పోయింది. నేను తోడు వెళ్లి వెళ్లి కాలేజీలో హాజరు చాలక ఒక పరీక్ష రాయలేకపోయాను.

ఆరో ఏట కేసును లోక్ అదాలత్‌కు పంపారు. అక్కడి జడ్జమ్మ ఫైలు మూసి, "మీకేం కావాలి?" అని హిందీలో అడిగింది. ఆరేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.

"ఒక్క సాంచా మేడమ్," అన్నాడు కాక.

"నాకొకటి," అన్నాడు బాపు.

పావుగంటలో అరపేజీ రాసి సంతకాలు తీసుకున్నారు. ఇద్దరు వకీళ్లూ ఎవరి మనిషికి వాళ్లు ఫోన్ చేసి, మనమే గెలిచామని చెప్పారు.

ముగ్గురం ఠాణాకు వెళ్లాం. ఆరు వానాకాలాలు ఆరుబయట తడిసిన సాంచాల మీద తీగ పాకింది. మోటార్లు లేవు. కర్ర భాగాలను చెదలు తినేశాయి. జమాదారు రసీదు ముందు పెట్టాడు. నేను చదివాను. "సొత్తు నడిచే స్థితిలో అందింది అని ఉంది బాపూ."

కాకకు కోపం వచ్చింది. "ఏంది, నడుస్తయా ఇవి?"

"సంతకం పెట్టు తమ్మీ," అన్నాడు బాపు. "లేకుంటే ఇంకో తారీఖ్ ఇస్తరు."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. పాతసామాను కొనే భంగారువాడు వచ్చి ఇనుమును తూకానికి కొన్నాడు. ఆ డబ్బు లెక్కపెట్టేటప్పుడు కాక ఏడ్చాడు, బాపు ఆయన భుజం మీద చేయి వేశాడు.

నాకు చట్టం తెలియదు. కానీ ఆ జడ్జమ్మ అడిగిన ప్రశ్న మొదటి నెలలోనే అడగాలని, పేదవాడి పనిముట్టును ఫొటో తీసుకుని వాడికే వదలాలని, వాడికి రాని భాషలో వాడి పేరుతో ఫిర్యాదు రాయకూడదని చెప్పడానికి చట్టం చదవనక్కర్లేదు. ఇప్పటికీ ఇద్దరూ సేఠ్ షెడ్డులోనే పనిచేస్తున్నారు. మళ్లీ సాంచాలు కొనాలన్న మాట ఎత్తరు. పోయినేడాది నేను డిగ్రీ పాసైనప్పుడు మిఠాయి డబ్బా తెచ్చింది కాకే.