జిమ్ములో కదలని సీటు

నలభై దాటాక నేను జిమ్ములో చేరడం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఎముకలు పలచబడుతున్నాయి, కాస్త బరువులు ఎత్తమని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి అడ్డు చెప్పలేకపోయారు. సిరిసిల్లలో మా వీధి చివరే ఒక జిమ్ ఉంది. పొద్దున పూట ఆడవాళ్లకు. సాయంత్రం నా ట్యూషన్ పిల్లలు వచ్చేలోపు తీరికే కదా అని చేరాను.

మొదటి రోజే అక్కడి ట్రైనర్ తేల్చి చెప్పేశాడు.

"మేడం, మీరు మిషన్ల మీదనే చెయ్యుండ్రి. డంబెల్స్ దిక్కు పోవద్దు. చెయ్యి జారితె దెబ్బ తాకుతది."

నాకూ సబబుగానే అనిపించింది. మిషన్‌లో బరువు దాని దారిన అది పోయి వస్తుంది, మీద పడదు.

ఛాతీ మిషన్ దగ్గర వచ్చింది చిక్కు. నేను పొట్టిదాన్ని. సీటు పైకి జరిపితేనే పిడులు ఛాతీకి ఎదురుగా వస్తాయి. ఆ సీటేమో అడుగునే బిగుసుకుపోయింది. చేతులు భుజాల కంటే పైకెత్తి తోయాల్సి వచ్చేది. ట్రైనర్‌కు చెప్పాను.

"అందరు గట్లనే చేస్తున్నరు మేడం. అలవాటైతది."

మళ్లీ అడిగితే ఓనర్‌కు చెప్పానన్నాడు. కింద వేసుకు కూర్చోడానికి దిండు తెచ్చుకుంటానంటే నవ్వాడు.

నెల తిరిగేసరికి కుడి భుజం పట్టేసింది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోదు. బోర్డు మీద లెక్క రాస్తూ సగంలో చెయ్యి దించేదాన్ని.

"గీ వయసుల నీకెందుకు గివన్ని? బంద్ చెయ్యి" అన్నాడు మా ఆయన. నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ మండించింది.

జగిత్యాలలో మా చెల్లెలికి తెలిసిన ఫిజియోథెరపిస్టు ఉందంటే వెళ్లాను. బస్సులో కుడి చేత్తో పై కడ్డీ పట్టుకోలేక, వేములవాడలో గుడికి పోయేవాళ్లు దిగేదాకా ఎడమ చేత్తో వేలాడాను.

ఆ ఫిజియో నా చేతిని మెల్లగా తిప్పి చూసింది. "మిషన్ మీ కొలతకు కుదరలేదమ్మ. అది ఒక్క దారిలనే పోతది, మీ భుజం దాని ఎంబడి పోలేకపోయింది. గందుకే పట్టేసింది."

నొప్పి తగ్గాక చిన్న డంబెల్స్ చేతిలో పెట్టింది. "గివ్వి మీ చెయ్యి ఎటు పోతె అటే అస్తయ్. గని పద్ధతి నేర్వాలె. తొందరపడితె గివ్వి గూడ దెబ్బ తీస్తయ్."

మా జిమ్ముకు తిరిగి వెళ్లి, డంబెల్స్ నేర్పమని ట్రైనర్‌ను అడిగాను.

"ఆడోళ్లకు నేర్పుతలేం మేడం. మీకేమన్న అయితె నా మీదికి అస్తది."

"మిషన్ మీద అయ్యింది గద! మరి గదెవరి మీదికి అచ్చింది?" అన్నాను.

అతను ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. ఛాతీ మిషన్ సీటులో అప్పటికే ఇంకొకామె కూర్చుని, మెడ బిగబట్టి తోస్తోంది. ఆమెను లేపి, ఇద్దరం కలిసి సీటు జరిపే మీట లాగాం. కదిలితేనా.

ఆ కోపంలో జిమ్ మానేసి, డంబెల్స్ కొనుక్కొచ్చి ఇంట్లో మొదలుపెట్టాను. ఫిజియో మాట గుర్తుండి కూడా, ఫోన్లో వీడియో చూసుకుంటూ నాలుగు రోజులకే పెద్ద బరువు పట్టాను. వంగి ఎత్తబోతే నడుము కలుక్కుమంది. మంచం మీద పడుకుంటే మా ఆయన వేడినీళ్ల సంచి తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కోరుట్లలో బరువులెత్తడం దగ్గరుండి నేర్పే అమ్మాయి ఉందని చెల్లెలే చెప్పింది. ఇప్పుడు వారానికోసారి అక్కడికి పోతున్నాను. మొదటి రోజు ఆ అమ్మాయి బరువే ఇవ్వలేదు. ఖాళీ చేతులతో వంగి లేవమంది.

"నడుము వంచకు అక్కా. కూసునేటందుకు పోయినట్టు ఎనకకు పో" అంటూ వీపు మీద చెయ్యి ఆనించి చూపించింది.

భుజం బాగుపడింది. నడుము మాత్రం చలికి ఇంకా పట్టేస్తుంది. పోను రాను బస్సుల్లోనే ఒక పూట గడిచిపోతుంది. ఈపాటి సంగతి మా వీధిలో చెప్పేవాళ్లు ఎందుకు లేరని దారి పొడవునా గొణుక్కుంటూనే వెళ్తాను.