జనరేటర్ గది మనిషి

ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ జనరేటర్ చూసే పెద్దమనిషిది నల్గొండ పక్క పల్లె. భార్యతో కలిసి జనరేటర్ పక్క గదిలోనే ఉండేవాడు. కరెంటు పోతే చాలు, ముందు లిఫ్టు దగ్గరికి ఉరికేవాడు. తలుపు మీద అరచేయి ఆనించి, "లోపల ఎవరున్నా భయపడకుండ్రి, నేనున్న" అని కేకేశాకే వెళ్లి జనరేటర్ ఆన్ చేసేవాడు. ఒకసారి లోపల ఇరుక్కున్నది మా అమ్మ. ఆ గొంతు వినే ప్రాణం నిలబడిందని ఇప్పటికీ అంటుంది.

పోయిన ఎండాకాలం టెర్రస్ మీద సోలార్ ప్యానెళ్లు, కింద బ్యాటరీలు పెట్టించాం. ఇక డీజిలూ వద్దు, మనిషీ వద్దని మీటింగులో తేల్చారు. పొగ పీడ పోతుందని నేనూ సరేనన్నాను. ఆ ప్యానెళ్లు పైకి మోసినవాళ్లలో ఆయనా ఉన్నాడు. అప్పటికి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

గది ఖాళీ చేసే రోజు కిందికి వెళ్లాను.

"బాధపడకండి, ఎక్కడైనా పని దొరుకుతుంది" అన్నాను.

ఆయన టెర్రస్ వైపు చూసి నవ్వాడు.

"ఎండకు బోర్లెండినయ్ సార్, ఊరిడిసి ఒచ్చిన. ఇప్పుడు ఈడికెల్లి గూడ గా ఎండనే ఎల్లగొట్టవట్టె."

వెళ్లగొట్టింది ఎండ కాదని ఆయనకూ తెలుసు. మర్యాద కొద్దీ నా పేరు చెప్పలేదు.