నా కాలు సంగతి నాకు తెలియదా

నా జన్మలో నేను వాదించి ఓడిపోయింది ఒక్కసారే. అదీ మనిషి చేతిలో కాదు, వేలెడంత కూడా లేని ఓ ఇత్తడి ముక్క చేతిలో. ఆ ఓటమికి ముగ్గురు సాక్షులు: ఒక డాక్టరు, ఒక నర్సు, కట్టుకున్న మొగుడు. మొదటి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. మూడోవారి ధర్మమా అని అంబాజీపేట కొబ్బరి కొట్లలో ఈ కథ ఇప్పటికీ తిరుగుతోంది. వాళ్ళు చెప్పుకునేదాంట్లో సగం కల్పన. నిజమైన సగం అంతకంటే ఘోరం కాబట్టి, అదేదో నేనే రాసేస్తున్నాను.

తొంభైల చివరి మాట. నాకు నలభై దాటాయి. షుగరు వచ్చి చాలా కాలమైంది. బి.ఏ. చదివే రోజుల్లో వక్తృత్వ పోటీల్లో గెలుచుకున్న కప్పులు షోకేసులో మెరుస్తూనే ఉన్నాయి. ఈ మూడింటిలో ఏది ఎక్కువ ప్రమాదకరమో నాకు అప్పటికి తెలియదు.

కుడికాలి బొటనవేలి కింద, సరిగ్గా అడుగు మోపే చోట, రూపాయి బిళ్ళంత పుండు. కట్టు కట్టినా, మందు రాసినా, వేసవి పోయి వానలొచ్చినా, పెళ్ళికొచ్చి ఉండిపోయిన చుట్టంలా అది కదల్లేదు. నొప్పి మాత్రం బొత్తిగా లేదు. అదే నా గర్వం. షుగరు వల్ల పాదాల్లో నరాలు మొద్దుబారిపోయాయి, నొప్పి తెలియకపోవడమే అసలు జబ్బు అని అమలాపురంలో సర్జనుగారు చెబితే, నొప్పి ఉన్నా జబ్బే, లేకపోయినా జబ్బే అయితే ఇక మనిషి బతకడమెలా అని అడిగాను.

ఆయన నాకంటే చిన్నవాడు. గొంతు పెంచడం తెలియని మనిషి. అలాంటివాళ్ళతో వాదించడం ఎంత కష్టమో మీకేం తెలుసు.

“కళ్ళు మూసుకోండమ్మా. ఈ నైలాను దారం పాదానికి ఆనిస్తాను. తెలిసినప్పుడల్లా చెప్పండి” అన్నారు.

కళ్ళు మూసుకున్నాను. ఆయన ముందుకు వంగినప్పుడల్లా స్టూలు కిర్రుమంటోంది. అది కిర్రుమన్నప్పుడల్లా నేను “తెలిసింది” అంటున్నాను. చదువుకున్నదాన్ని కదా.

“ఇప్పుడోనండీ?”

“తెలిసింది.”

“ఇప్పుడు?”

“ఇంకా బాగా తెలిసింది.”

“ఇప్పుడు నేనసలు ముట్టుకోలేదండీ.”

“ముట్టుకోబోతున్నారని తెలిసింది.”

మా ఆయన గోడ మీది క్యాలెండరు వైపు తిరిగిపోయారు.

డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి పట్టి చూపించారు. “లోపల ఎముక కిందికి పొడుచుకొచ్చిందండీ. మీరు అడుగేసినప్పుడల్లా అదే చోట నొక్కుతోంది. మనం పైన ఎంత మందు రాసినా అది లోపల్నుంచి తవ్వుతూనే ఉంటుంది. ఆ కాస్త ముక్కా తీసేస్తే పుండు మానడానికి దారి దొరుకుతుంది. కాలికి రక్తం బాగానే వస్తోంది. ఎముకకి ఇంకా చీము పట్టలేదు. చేయించుకుంటే ఇప్పుడే చేయించుకోవాలండీ.”

“ఇవాళ ముక్కంటారు. రేపు వేలంటారు. ఎల్లుండికి మోకాలి దాకా వస్తారు. మా మేనత్తకి అలాగే చేసేరు.”

“ఆవిడ మొదట్లోనే వచ్చేరా అమ్మా, వేలు నల్లబడ్డాక వచ్చేరా?”

నల్లబడ్డాకే. ఆ మాట మాత్రం పైకి అనలేదు. మా మేనత్త ఆఖరి రోజుల్లో కుర్చీలో కూర్చుని, లేని కాలు దురద పెడుతోందని, కాస్త గోకమని మమ్మల్ని పిలిచేది. ఎక్కడ గోకాలో తెలియక అందరం నిలబడిపోయేవాళ్ళం. నా వాదనలన్నిటి వెనకా ఉన్నది ఆ కుర్చీయే.

“ఓ నెల గడువివ్వండి. కట్టు మార్చుకుంటాను, నడక తగ్గిస్తాను. నా కాలు సంగతి నాకు తెలియదా?” అన్నాను.

“ఆయ్, మీ ఇష్టమండీ. వాపొచ్చినా, జ్వరమొచ్చినా ఆ పూటే వచ్చేయాలి. మెత్తటి బూట్లు చేయిస్తాను, ఇంట్లో కూడా అవే. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి చూసుకోండి. మీ పాదం మీకు చెప్పదు, చెయ్యే చెప్పాలి.”

ఒకటో తరగతి పిల్లకి చెప్పినట్టు చెబుతున్నాడేమిటని ఆ చివరి మాట నేను వినిపించుకోలేదు.

బూట్లు వచ్చాయి. నల్లగా, లోతుగా, చీర కుచ్చిళ్ళ కింద రెండు గేదె దూడలు నడిచొస్తున్నట్టు ఉన్నాయి. పక్కింట్లోనే ఉండే మా ఆయన అక్కగారు వాటిని చూసి, “పోలీసుల్లో చేరేవా ఏమ్మా?” అన్నారు.

“చేరేను వదినగారూ. మొదటి కేసు మీదే” అన్నాను. ఆ మాట ఎంత నిజమవుతుందో నాకేం తెలుసు.

ఇక ఇక్కడ మా గొడౌన్ తాళంచెవి గురించి చెప్పాలి. మా ఆయనది ఎండుకొబ్బరి వ్యాపారం. గొడౌన్ మా వీధి చివరే. తాళంచెవిని ఆయన జేబులో పెట్టుకునేవారు, అది చొక్కాతో పాటు చాకలి దగ్గరికి వెళ్ళొచ్చేది. ఓరోజు పెద్ద యుద్ధం చేసి, వీధి తలుపు పక్కన మేకు కొట్టించి, “ఇకనుంచి తాళంచెవి దీనికే ఉండాలి” అని శాసనం చేశాను. ఆ మేకు కింద చెప్పుల స్టాండు. స్టాండు మీద నోళ్ళు తెరుచుకుని నా బూట్లు. ఇది మీరు గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

గడువు ముగిసే రోజు సాయంత్రం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి. ఆ పొద్దున్నే కొబ్బరి ఎత్తడానికి పైరాష్ట్రం లారీ వచ్చి నిలబడింది.

“తాళంచెవేదీ?” అన్నారు మా ఆయన.

“మేకుకి.”

“లేదు.”

“మీ జేబులో చూసుకోండి.”

“నా ఒంటిమీదున్నది బనీను.”

“అయితే నిన్నటి చొక్కాలో చూడండి. నాతో వాదించకండి.”

వెతుకులాట మొదలైంది. పడకగది, వంటిల్లు, పెరట్లో నీళ్ళ గాబు వెనక, కొబ్బరి పాదుల్లో, నేను అడుగు పెట్టని చోటు లేదు. వదినగారింటికి కూడా వెళ్ళాను.

“మీరు పొద్దున కరివేపాకుకి వచ్చేరు కదండీ. ఆ మేకు పక్కనుంచే వెళ్ళేరు.”

“అయితే? కరివేపాకుతో పాటు తాళంచెవి కూడా దూసుకుపోయేనంటావా?”

“నేనలా అనలేదండీ. మీరే అంటున్నారు.”

ఆవిడ తలుపేసుకున్నారు. వీధిలో లారీ డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యకుండా హిందీలో మా వంశాన్ని తలుచుకుంటున్నాడు. మధ్యాహ్నానికి మా ఆయన గునపం తెప్పించి, “తాళంకప్ప పగలగొట్టిస్తాను. నువ్వు కూర్చో. నీ కాలు...” అన్నారు.

“నా కాలు సంగతి నాకు తెలియదా” అని వీధి చివరిదాకా నడిచివెళ్ళి, పగలగొట్టడం కూడా నా పర్యవేక్షణలోనే జరిపించాను.

సాయంత్రం అవే బూట్లతో అమలాపురం. దారి పొడుగునా ఉపన్యాసం తయారుచేసుకున్నాను. కుర్చీలో కూర్చోగానే మొదలుపెట్టాను.

“డాక్టరుగారూ, పాదంలో స్పర్శ తిరిగొచ్చింది. చీమ పాకినా తెలుస్తోంది. అందుచేత, బాగా ఆలోచించి, ఆపరేషన్ వద్దని నిర్ణయానికొచ్చాను. ఇందుకు నా కారణాలు...”

మొదటి కారణం చెప్పబోతుండగా నర్సు నా కుడి బూటు లాగింది. ఠంగుమని నేల మీద ఏదో పడింది.

మా ఆయన వంగి చూశారు. “అది మా గొడౌన్‌దండీ” అన్నారు, జాతరలో తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు.

మేజోడు తీశారు. అరికాలి మధ్యలో తాళంచెవి అచ్చు, పళ్ళతో సహా. అందులో ఓ పన్ను దిగిన చోట నెత్తురు గడ్డకట్టి ఉంది. దాన్ని వెతుక్కుంటూ పొద్దుటినుంచి నేను దాని మీదే నడిచాను. ఒక్క అడుగులో కూడా తెలియలేదు.

డాక్టరుగారు నవ్వలేదు. నవ్వితే బాగుండేది, దెబ్బలాడేదాన్ని. ఆ చోటు శుభ్రం చేసి, కట్టు కట్టి, తాళంచెవిని కడిగి బల్ల మీద పెట్టారు.

“ఆ ఎముకా ఇలాంటిదేనమ్మా. కింద ఉందని మీకు తెలియదు. మీరు నడుస్తూనే ఉంటారు. ఇది తీసేం. దాన్ని కూడా తియ్యనివ్వండి.”

వక్తృత్వ పోటీల్లో నేర్చుకున్న సమాధానాలన్నీ వెతికాను. మా మేనత్త కూర్చున్న ఆ కుర్చీ ఒక్కటే కళ్ళముందుకొచ్చింది. ఆవిడ కూడా ఆఖరి నిమిషం దాకా తన కాలు సంగతి తనకు తెలుసనే అంది.

“ఎప్పుడు చేస్తారు?” అన్నాను.

ఇప్పుడు మా ఆయన అడ్డం తిరిగారు. నెల్లాళ్ళుగా చేయించుకో, చేయించుకో అని నా వెంట పడ్డ మనిషి, “మరీ అంత తొందరెందుకులే. అక్కని ఓ మాట అడుగుదాం. ద్రాక్షారామం వెళ్ళి దణ్ణం పెట్టుకొచ్చి...” అంటూ నసిగారు.

“దేవుడి దగ్గరికి కుట్లు విప్పాక వెళ్దాం. ఆయనెక్కడికీ పోరు. ఎముకకి చీము పట్టలేదు, రక్తం బాగా వస్తోంది. ఇంతకంటే మంచి సమయం ఉండదు” అన్నాను. డాక్టరుగారి మాటలే, నా గొంతుతో. నా గొంతుతో చెబితే ఏ మాటకైనా బలమొస్తుంది.

“నాకు భయంగా ఉందే” అన్నారాయన.

“నాకూ ఉంది. అందుకే ఆలస్యం వద్దంటున్నాను.”

ఆపరేషన్ అయింది. చిన్న ముక్కే తీశారు. కాలు దిండు మీద పెట్టుకుని చాలా రోజులు మంచం దిగలేదు. నోటికి మాత్రం ఏ ఆంక్షా లేదు కాబట్టి వార్డులో అందరికీ నా సేవలు అందాయి. ఓ మధ్యాహ్నం వదినగారు క్యారేజీ పట్టుకుని వచ్చారు. అప్పటికే క్షమాపణ కంఠస్థం పట్టి ఉంచాను. ఆవిడ చెప్పనివ్వలేదు. మూత తీసి నా ముందు పెట్టారు. వేడన్నం, నెయ్యి, గిన్నెడు కరివేపాకు కారం.

“చూసుకుని తినమ్మా. తాళంచెవులు తగుల్తాయి” అన్నారు.

పుండు మానింది. ఇన్నేళ్ళలో మళ్ళీ రాలేదు. పాదానికి మాత్రం ఇప్పటికీ ఏమీ తెలియదు. కొత్త తాళంకప్ప కొన్నాక దాని తాళంచెవి మా ఆయన మొలతాడుకి చేరింది, ఆ విషయంలో నేను నోరెత్తడం లేదు. మేకు ఖాళీగా ఉంది.

ఆ మేకు సాక్షిగా, పాఠకుల సమక్షంలో నేను చేసే ప్రతిజ్ఞ ఇది: ఇక నా ఊపిరి ఉన్నంతకాలం, ఏ బూటులోనైనా సరే ముందు చెయ్యి, తర్వాత కాలు. ఆ రెండూ అయ్యాకే నోరు.