గ్యాస్ లైను

భూపతి మగ్గం పని వదిలి ఆటో కొంటానన్నప్పుడు, వలసొచ్చిన నేతగాళ్ల పేట కామత్‌ఘర్‌లో సలహా ఇవ్వని నోరు లేదు. పెట్రోల్ బండి అయితే ఎక్కడికైనా పోతుంది, కాని సంపాదించిందంతా అదే తాగేస్తుంది. డీజిల్ బండి తక్కువ తాగుతుంది, కాని వీధంతా నల్లపొగ. గ్యాస్ బండికి ఖర్చూ తక్కువే, పొగా తక్కువే. అయితే ఊళ్లో అప్పటికింకా గ్యాస్ బంకు లేదు. ఠాణా పట్నం వైపు పోవాలి, పోయి పూటంతా లైనులో పడి ఉండాలి. పాపం భూపతికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది.

చివరికి తేల్చింది అతని భార్య కళ. ఏళ్ల తరబడి నూలు కండెలు చుట్టి, దూది దుమ్ము మింగి ఆమెకు దగ్గు పట్టుకుంది.

"డీజిల్ బండి తెస్తే నేనెక్క. గా పొగకు సస్త" అంది.

పెళ్లాం మాటకు ఎదురాడే మొగాడు కాదు భూపతి, ఆ సంగతి దాచుకునేవాడూ కాదు. గ్యాస్ బండే తెచ్చాడు. శుక్రవారం కరెంటు సెలవు, మరమగ్గాలన్నీ ఆగిపోయేవి. ఆ సాయంత్రాలు కళను వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడు. ఆమె మహారాణిలా కాలు మీద కాలేసుకుని కూర్చునేది.

ఒక శుక్రవారం పొద్దున కళకు ఛాతీలో మంట, ఎడమ భుజంలో గుంజుడు మొదలయ్యాయి. ఆ వీధిలో ఛాతీలో ఏమొచ్చినా దానికి ఒకటే పేరు, గ్యాస్. భూపతి ఉరికి సోడా తెచ్చి తాగించాడు.

"ఇయ్యాల ఇంటికాడ ఉండాల్నా?" అని అడిగాడు.

"గ్యాసే గద, తగ్గుతది. బండిల గ్యాస్ లేదంటివి, నువ్వు పో. నాకు ఎక్కువైంది, దానికి తక్కువైంది" అని నవ్వింది కళ.

అతనూ నవ్వుకుంటూనే పోయి లైనులో నిలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చింది గాని అతని వంతు రాలేదు. అప్పుడు పక్కింటి స్టీఫెన్ తన పెట్రోల్ ఆటోలో వచ్చాడు.

"భూపతన్నా, బండి ఈడ్నే ఇడిసిపెట్టు. వదినెను దవాఖానకు తీస్కపోయినం" అన్నాడు.

వాళ్లిద్దరూ చేరేసరికే కళ ప్రాణం పోయింది. గుండెపోటు, పొద్దున్నే తెస్తే బతికేదేమో అన్నాడు డాక్టరు.

భూపతి దవాఖాన వరండాలో కూలబడి తల బాదుకున్నాడు.

"పెట్రోల్ బండి కొనుంటే బాగుండు, అత్తా! కళ దగ్గర్నే ఉందును."

కళ తల్లి లస్మవ్వ అతని చేతులు పట్టుకుని ఆపింది. కడుపుకోత దిగమింగి, ఓదార్చాలనే అంది.

"ఉండి ఏం జేద్దువు కొడుకా? ఇంకో సోడా తెద్దువు."

అందులో అబద్ధం లేదు. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు భూపతికి అప్పుడు కట్టలు తెంచుకుంది.