పరదా కిందినుంచి వచ్చిన వెల్లుల్లి చేట

మా అత్తగారు పోయారు. మధ్యాహ్నం అన్నం తిని, చేతులు కడుక్కొని, కాసేపు నడుము వాలుస్తానని మంచమెక్కిన మనిషి మళ్ళీ లేవలేదు. నా భార్య నేను పనిచేసే పార్సిల్ ఆఫీసుకు ఫోన్ చేసి, "అమ్మ పలకట్లేదండీ, మీరు రండి" అన్నది. పలకట్లేదు అంటే ఏమిటో ఆ గొంతులోనే తెలిసిపోయింది.

ఇది చదివే సహోదరీ సహోదరులకు దాచకుండా చెప్తున్నాను. ఫోన్ పెట్టగానే నాకు కన్నీళ్ళు రాలేదు, ప్రార్థన రాలేదు. నా కుడిచేయి పోయి చొక్కా జేబును తడిమింది. ఆ జేబులో సిగరెట్ పెట్టె ఉండక ఏండ్లు అయింది. అయినా చేయి పోయింది. ఆటోలో కూర్చుంటే మళ్ళీ పోయింది. దుఃఖం ఒక దిక్కు, ఆ చేతిని చూస్తే భయం ఒక దిక్కు. ఆ చేతికి ఇన్నాళ్ళు పని చెప్పి ఆపిన మనిషే కదా ఇప్పుడు పలకనిది.

మాది సికింద్రాబాద్. ఆమెది గుంటూరు దిక్కు. వాళ్ళ ఇంటి పద్ధతిలో అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, నేరుగా మాట్లాడదు. మొదట్లో నాకు ఇది తమాషాగా ఉండేది. రాంగోపాల్‌పేట్‌లో మా పోర్షన్ రెండే గదులు, పక్కన చిన్న వంటిల్లు. ముందు గదిలో నా కుర్చీ, లోపలి గదిలో ఆమె మంచం, మధ్య తలుపుకు నేలకు జానెడు ఎత్తులో వేలాడే నీలం పరదా. మా పాప పుట్టినప్పుడు సాయానికి వచ్చి, ఇక ఇక్కడే ఉండిపోయిన ఆమె, ఆ పరదా వెనకనుంచే ఇల్లు నడిపించారు. నాకు కాఫీ కావాలా అని నన్ను అడగరు. "అమ్మాయ్, ఆయన కాఫీ తాగుతారేమో కనుక్కో" అంటారు. నేను ఆ పక్కనే ఉన్నా సరే. నా భార్య ఇంట్లో లేకపోతే మా పాపతో చెప్తారు. పాప కూడా లేకపోతే దేవుడితోనే చెప్తారు. "ప్రభువా, పొయ్యి మీద పాలు పొంగేట్టున్నాయి, నా మోకాళ్ళు లేవనియ్యట్లేదు, ఎవరైనా చూస్తే బాగుండు." నేను లేచి పోయి పాలు దించేవాణ్ణి. దేవుడు ఆమె ప్రార్థన అంత తొందరగా విన్న సందర్భాలు వేరే లేవని నా భార్య నవ్వేది.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. వాక్యం ఒక్కటే కూడబలుక్కొని నేర్చుకున్నాను. బాప్తిస్మం తీసుకున్న నాడే జేబులో ఉన్న పెట్టెను మురికి కాలువలో విసిరేశాను. సంఘమంతా సంతోషించింది. పాతవి గతించాయి, సమస్తం కొత్తదైంది అనుకున్నాను. సాయంత్రం చాయ్ తాగుతుంటే తెలిసింది, నేను కొత్తవాణ్ణే గాని నా నోరు పాతదేనని.

తాగనివాళ్ళకు ఆ ఆరాటం ఎట్ల చెప్పాలి? ఆకలి అనుకుందామంటే అన్నంతో తీరదు. దాహం అనుకుందామంటే నీళ్ళతో పోదు. చాయ్ గ్లాసు పట్టుకుంటే రెండో చేయి ఖాళీగా, పరాయిదాని లెక్క వేలాడుతుంది. లవంగం నమిలాను. సోంపు నమిలాను. పాన్ డబ్బా ఆయన నన్ను దూరంనుంచి చూడగానే అలవాటుగా పెట్టె తీసేవాడు, అందుకని ఆ గల్లీ వదిలి మోండా మార్కెట్ చుట్టు తిరిగి ఆఫీసుకు పోయేవాణ్ణి. అక్కడ తక్కెళ్ళ చప్పుళ్ళు, కొత్తిమీర వాసన, తోపుడుబండ్ల వాళ్ళ తిట్లు, వాటి మధ్య కాసేపు మనసు మరిచిపోయేది. మళ్ళీ ఎవరో బీడీ ముట్టించేవాడు. అయిపోయింది. ఆ వాసన వెనక కుక్కపిల్ల లెక్క రెండడుగులు వేసి, ఎక్కడికి పోతున్నానో తెలిసి ఆగిపోయేవాణ్ణి. ఆఫీసులో నా పక్క సీటు సోదరుడు ఒకాయన, పరమ భక్తుడైన హిందువు, నా అవస్థ చూసి, "ఏందీ పాస్టర్ సాబ్, దయ్యం నిన్ను ఇడుస్తలేదా, నువ్వే దాన్ని ఇడుస్తలేవా?" అని అడిగేవాడు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి.

మాబోటి విశ్వాసులం చేసే పొరపాటే అప్పుడు నేనూ చేశాను. ఉపవాసం పట్టాను. ఈ జాతి దయ్యం ఉపవాస ప్రార్థనతో తప్ప పోదని పట్టుబట్టి కూర్చున్నాను. ఖాళీ కడుపుకు సిగరెట్ ఎంత గుర్తొస్తుందో నాకెవరు చెప్పారు? పొద్దెక్కేకొద్దీ తల దిమ్మెక్కింది. చేతులు వణికాయి. పాప పలక కింద పడేస్తే ఆ చప్పుడుకే అరిచాను. అది ఏడ్చింది. మోకాళ్ళ మీద ఉన్నాను కాని నా ప్రార్థనలో ప్రభువు లేడు, గల్లీ మూల పాన్ డబ్బా ఉన్నది.

అప్పుడు పరదా వెనకనుంచి మాట వచ్చింది. "అమ్మాయ్, ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకొని చచ్చిపోతానంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు. లేచి తినమన్నాడు. ఆయనకి అన్నం పెట్టు."

నాకు కోపం వచ్చింది. వాక్యంతోనే నా ఉపవాసం చెడగొట్టిన మనిషిని నేను అంతవరకు చూడలేదు. కాని ఎదురు చెప్పడానికి వాక్యం దొరకలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, తలదగ్గర నీళ్ళు, అంతే కదా దూత తెచ్చింది. పప్పు, ఊరమిరపకాయ వేసుకొని తిన్నాను. చేతుల వణుకు తగ్గింది.

ఆ మరునాటినుంచి షురూ అయింది వెల్లుల్లి పని.

ఆరాటం మొదలైతే నా కాలు ఊగుతుందట, కుర్చీ కోడుకు టకటకా కొట్టుకుంటుందట. నాకు తెలియదు. పరదా వెనక ఆమెకు వినపడేది. ఒక్క మాట అనేవారు కాదు. పరదా కిందినుంచి ఒక చేట నేలమీద జరుగుతూ ముందు గదిలోకి వచ్చేది. దాంట్లో వెల్లుల్లిపాయలు. వెనకనే మాట: "అమ్మాయ్, పచ్చడికి కావాలి." నేను కిందికి దిగి, పరదా ముందు బాసింపట్టు వేసుకొని ఒలిచేవాణ్ణి. వెల్లుల్లి తొందర చేస్తే రాదు. చిన్న రేకలైతే గోరుకు దొరకవు, పొర వేలికి అంటుకొని వదలదు. రెండు చేతులూ కావాలి, కళ్ళు కావాలి. సగం చేట అయ్యేసరికి ఆరాటం వచ్చిన అల లెక్క వెనక్కు పోయేది. ఒలిచిన చేటను మళ్ళీ పరదా కిందికి తోసేవాణ్ణి. లోపలినుంచి గాజులున్న చేయి ఒకటి వచ్చి లాక్కునేది. అంతే మా మాటలు.

ఇంట్లో వెల్లుల్లి కారం, వెల్లుల్లి పచ్చడి, చారులో వెల్లుల్లి, ఉప్మాలో కూడా వెల్లుల్లి. నా భార్య మొత్తుకునేది: "అమ్మా, ఈయన సిగరెట్ వాసనే నయం, ఇంటికి చుట్టాలు రావట్లేదు." లోపలినుంచి నవ్వు వినపడేది గాని చేట రావడం ఆగలేదు. వెల్లుల్లి ఒలిచే చేతికి ఇంకోటి పట్టుకునే తీరిక ఉండదని ఒకసారి పాపతో అంటుండగా విన్నాను.

ఇంతలో సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. వీధి కూటాలు దగ్గరికొచ్చాయి. ప్రభువు నన్ను సిగరెట్‌నుంచి పూర్తిగా విడుదల చేశాడని అందరి ముందు చెప్పాలి, తర్వాత కూటాల్లో వాక్యం చెప్పే వంతు నాకు ఇస్తారు. ఆ వంతు కోసం నేను ఎంత ఎదురుచూశానో దేవుడికి తెలుసు. కాని విడుదల ఎక్కడిది? పొద్దున లేస్తే మొదట గుర్తొచ్చేది అదే. విడుదలైతే కోరిక ఎందుకున్నది? కోరిక ఉన్నదంటే నా బాప్తిస్మమే అబద్ధమా? ఈ పరేషాన్‌తో నిద్ర పట్టేది కాదు. నా భార్యతో చెప్పుకుంటున్నాను, ముందు గదిలో, మెల్లగా.

పరదా వెనక మంచం కిర్రుమన్నది. "అమ్మాయ్, ఇశ్రాయేలీయులకి ఐగుప్తులో బానిసలుగా తిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి ఎప్పుడు గుర్తొచ్చాయి? సముద్రం దాటాకే కదూ. దాటనివాళ్ళకి గుర్తురావడం ఏముంది, రోజూ తింటూనే ఉండిరి."

ఆ వచనాలను నేను ఎన్నిసార్లు గొంతెత్తి చదివానో. ఆ సణిగినవాళ్ళను ఎంత తిట్టానో. వాళ్ళు దాటినవాళ్ళు అన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆదివారం లేచి నిలబడి ఉన్నదే చెప్పాను. మానేశాను, ముట్టలేదు, కాని ఇంకా కావాలనిపిస్తున్నది, నా కోసం ప్రార్థన చెయ్యండి అన్నాను. హల్లెలూయ చెప్పడానికి లేచిన చేతులు అట్లనే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ళు కూర్చున్న చాపల మీదనుంచి "ఆమెన్" అని ఒక్క గొంతు వినపడింది. గుడిలో పాట తప్ప పైకి మాట్లాడని మనిషి గొంతు. వెనక్కి చూడకుండానే గుర్తుపట్టాను.

కూటం అయ్యాక సంఘపెద్ద ఒకాయన ఇంటికి వచ్చారు. ఇంకా విడుదల కాని నోటితో వాక్యం ఎట్ల చెప్తారు, కొన్నాళ్ళు ఆగండి అని మెత్తగానే చెప్పి పోయారు. ఆయన మెట్లు దిగేదాక ఓపిక పట్టాను. తర్వాత చెప్పులు వేసుకున్నాను. నిజం చెప్పినందుకు దక్కింది ఇదే అయితే ఇక ఎవరికోసం ఈ తక్లీఫ్ అనుకున్నాను. గల్లీ మూలకు నా కాళ్ళకు దారి తెలుసు. భార్య, పాప ఇంట్లో లేరు.

ప్రభువు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందికి చినిగింది అంటుంది వాక్యం. మా ఇంటి పరదా ఒక పక్కకు జరిగింది, అంతే. తలమీద కొంగు కప్పుకొని మా అత్తగారు నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. అంత దగ్గరగా ఆమె ముఖం నేను చూడలేదు.

"బాబూ, కాసేపు కూర్చోండి" అన్నారు. "మా ఆయన కూడా ఇట్లాగే చెప్పులేసుకొని వెళ్ళేవారు. నేను పరదా వెనకాలే నించునేదాన్ని. ఒక్కనాడూ వద్దని అడగలేదు. అడగడం నా వంతు కాదనుకున్నాను. ఆ దగ్గు ఇంకా నా చెవుల్లో ఉంది. మిమ్మల్ని కూడా అట్లా పంపించలేను బాబూ, నాకు భయంగా ఉంది."

చెప్పులు విడిచి కూర్చున్నాను. ఆమె లోపలికి పోయారు. కాసేపటికి చేట వచ్చింది. ఆమె నాతో నేరుగా మాట్లాడింది ఆ ఒక్కసారే. మరునాడు మళ్ళీ, "అమ్మాయ్, ఆయన పొద్దున్నుంచీ ఏం తినలేదు." వాక్యం చెప్పే వంతు నాకు తర్వాత వచ్చింది, చాలాకాలం పట్టింది, దాని సంగతి ఇక్కడ అక్కర్లేదు.

ఇప్పుడు ఆమెను సమాధుల తోటలో పడుకోబెట్టి వచ్చాను. గేటు బయట ఆఫీసు సోదరుడు, దయ్యం ప్రశ్న అడిగిన ఆయనే, నా భుజం మీద చేయి వేశాడు. శవపెట్టెను ఒక పక్క తనూ మోశాడు పాపం. జేబులోంచి ఒక సిగరెట్ తీసి నా చేతిలో పెట్టాడు. "తీస్కో అన్నా. ఇయ్యాల నిన్నెవరు ఏమనరు. జెర దిల్ హల్కా ఐతది, బరువు దిగుతది" అన్నాడు. ప్రేమతోనే ఇచ్చాడు. వద్దు అనే మాట నా నోట్లో ఉన్నది. చేయి మాత్రం తీసుకొని జేబులో పెట్టుకున్నది.

ఇంటినిండా చుట్టాలు. ఆదరణ కూటం ఎప్పుడు పెట్టాలి, గుంటూరునుంచి ఇంకా ఎవరు రావాలి అని మాటలు. నేను నా కుర్చీలో కూర్చున్నాను. జేబులో అది గుండెకు తగులుతూ ఉన్నది. మేడ మీదికి పోతే ఎవరూ చూడరు. చూసినా ఎవరూ ఏమనరు, ఆయన సరిగ్గానే చెప్పాడు. అప్పుడు వినపడింది నాకు, మొట్టమొదటిసారి. టక టక టక. నా కాలే. కుర్చీ కోడుకు కొట్టుకుంటున్నది. గదిలో ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ వినలేదు.

పరదా దిక్కు చూశాను. దాని కింద జానెడు ఖాళీ. ఏమీ రాలేదు.

లేచి వంటింట్లోకి పోయాను. చేట గోడకు ఆనించి ఉన్నది. బుట్టలో వెల్లుల్లి ఉన్నది, ఆమె ఎండబెట్టించినదే. తెచ్చుకొని పరదా ముందు నేలమీద కూర్చున్నాను. చుట్టాల్లో ఒకామె, ఇప్పుడు ఈ పనేమిటి బాబూ అన్నది. నా భార్య ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, "ఆయన్ని ఒలుచుకోనివ్వండి పిన్నీ" అన్నది.

ఒలిచాను. మొదటి పాయ విడదీయడానికే కష్టమైంది. అల వెనక్కు పోతుందని ఎదురుచూశాను. పోలేదు. చేట నిండా ఒలిచినా ఇంకా ఉన్నది. రేపు ఉంటుందేమో, ఎల్లుండి ఉంటుందేమో, నాకు తెలియదు. సముద్రం దాటినవాడికే గుర్తొస్తుంది అని లోపల అనుకుంటూ జేబులోంచి ఆ సిగరెట్ తీసి, తెల్లటి రేకల మధ్య, చేటలో పెట్టాను. ఎప్పటిలాగే చేటను పరదా కిందికి తోశాను.

సగం లోపలికి పోయి ఆగింది. గాజుల చేయి రాలేదు. ఫ్యాన్ గాలికి వెల్లుల్లి పొట్టు ఒక్కొక్కటే లేచి, పరదా కిందినుంచి ఆమె గదిలోకి పోతున్నది.